షాలేమ్‌రాజు చెయ్యి పెట్టని సంచీ లేదు

మా నర్సీపట్నం మిషన్ దవాఖానాలో కాంపౌండర్ షాలేమ్‌రాజుకి ఒకటే పాడలవాటు. మనిషి కనపడితే సంచీ వెతుకుతాడు. ఒక చేత్తో బీపీ పట్టీ చుడతాడు, రెండో చేత్తో మన సంచీ తడుముతాడు. ఒక్కచోట కాలు నిలవదు. ఓ ఆదివారం మా పాస్టరుగారి బైబిలు సంచీలోంచి ఆవకాయ సీసా తీసి, "అయ్యగారూ, మీ బీపీ ఇక్కడ దాక్కుంది" అన్నాడు, సంఘమంతా చూస్తుండగా. పాస్టరమ్మగారు వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ ఆవకాయ ఆవిడ పెట్టిందే మరి.

రెండువేల రెండులో నా కళ్లకి శుక్లాలొచ్చాయి. నేను ఏరిన బియ్యంలో రాయి తగిలి మా ఆయన పన్ను ఊడింది. ఆపరేషన్‌కి వెళ్తే బీపీ ఎక్కువని రెండుసార్లు వెనక్కి పంపారు. బీపీకి ఒక బిళ్ల మూడు బిళ్లలైంది. అయినా దిగదు. మూడోసారీ పంపేస్తే ఇక గుడ్డిదాన్నే అనుకుంటూ బీపీ చూపించుకోడానికి మిషన్ దవాఖానాకి వెళ్లాను.

షాలేమ్‌రాజు పట్టీ విప్పి నా కొంగు ముడి పట్టుకున్నాడు.

"ఇందులో ఏటుంది పిన్నీ?"

"నీ తలకాయ. వదల్రా."

"బీపీ ఊరికే పెరగదు. ఎక్కడో దాక్కునుంటాది" అంటూ ముడి విప్పేశాడు. మోకాళ్ల నొప్పి బిళ్లలు జలజలా రాలాయి.

"రోజుకెన్ని?"

"మూడు. రెండేళ్ల నుంచి. నీళ్లు మొయ్యాలి కదరా."

"డాక్టరమ్మగారికి సెప్పలేదేటి?"

"ఆవిడ బీపీ సంగతి అడిగింది గానీ, మోకాళ్ల సంగతి అడిగిందేటి?"

వాడు బిళ్లలు ఏరుకుని డాక్టరమ్మ గదిలోకి పరిగెత్తాడు. ఇవే బీపీని దిగనివ్వడం లేదేమో, కిడ్నీలకీ మంచిది కాదు, మానెయ్యమని చెప్పి ఆవిడ రక్తపరీక్ష రాసింది.

"మరి నీళ్లు నీ బాబు మోస్తాడేట్రా?" అన్నాను. షాలేమ్‌రాజు బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి నేను లేచేసరికే పెరట్లో నీళ్ల గాబు నిండిపోయేది. మసక చూపుకి పెరట్లోంచి ఎవరో వెళ్లడమే తెలిసేది. కోడలు సుజితే అనుకుని వీధంతా పొగిడాను. కొత్త చీర కూడా పెట్టాను. అది కాదనలేదు.

నెలన్నరకి బీపీ దిగింది. కంటికి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పిన మర్నాడు తెల్లారగానే పెరట్లోకి వెళ్లాను. షాలేమ్‌రాజు. భుజం మీద బిందె, రెండో చెయ్యి గుమ్మానికి తగిలించిన నా సంచీలో.

"ఒరే, నువ్వేనేట్రా?"

"కన్ను బాగానే పన్జేస్తన్నాది పిన్నీ. మరి ఈ అప్పడాలేటి?"

"సుజితా, ఆ చీర బేగి తేవే. ఈడి పెళ్లానికివ్వాలి."

లోపల దుప్పటి ముసుగులోంచి కోడలు గొణిగింది.

"ఆపరేషనుకి అంత తొందరేటి అత్తా, ఇంకో నెల ఆగాల్సింది."