దొర ఇంజను నంబరు కోసం పినపాక దాకా

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాసి ఎవరిని ఉద్ధరించాలి, రాయకపోతే నా పరువైనా దక్కుతుంది కదా అని రెండు మూడుసార్లు పక్కన పెట్టేశాను కూడా. కానీ భద్రాచలం దారి గురించి పోయినసారి రాసినప్పుడు చదివినవాళ్ళు రెండు ప్రశ్నలు వేశారు. మణుగూరు దాటాక అడవి వైపు ప్రయాణం ఎలా ఉంటుందని ఒకరు అడిగారు. పాత కారు కొనబోతున్నాను, అందులో ఉన్నది దాని సొంత ఇంజనేనా అన్నది ఎలా పోల్చుకోవాలని ఇంకొకరు అడిగారు. ఈ రెండింటికీ నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే ప్రయాణం. ఎనభైల చివర్లో, చలికాలంలో, ఒక్క రోజులో ముగిసింది. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పట్లో ఖమ్మంలో నాకు మోటారు విడిభాగాల దుకాణం ఉండేది. బడి చదువు ఏడో తరగతితో సరి. ఇంజన్ల చదువు మాత్రం తూకానికి కొన్న పాత ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన ఒక నిఘంటువు పెట్టుకుని సొంతంగా చదువుకున్నదే. ఇంగ్లీషులో మంచినీళ్ళు అడగమంటే నోరు పెగిలేది కాదు గానీ వాల్వుల గురించి నాలుగు పేజీలు గడగడా చదివేవాణ్ణి. పాత బండిని చూసి, ఇంజను దానిదేనా, తర్వాత అతికించారా అన్నది చెప్పడంలో నాకు పేరొచ్చింది. "నర్సింహులు చెప్పిండంటే అయిపాయె" అనేవారు బజారులో. పేరొచ్చినవాడికి కళ్ళు కొంచెం పైకి పోతాయి. నావీ పోయాయి.

సత్తుపల్లి దగ్గర పొగాకు రైతు కోటేశ్వరరావుగారు నన్ను పిలిపించింది ఆ పేరు వినే. వాళ్ళది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఒక ఇంగ్లీషు స్పోర్ట్సు కారు ఉంది. రెండే సీట్లు, పొడవాటి ముక్కు. కంపెనీ పేరు రాయను, రాస్తే ఆ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు నన్ను నిద్రపోనివ్వరు. ఒకప్పుడు బొగ్గుగనుల దొర ఎవరో నడిపేవాడట. నేను చూసేనాటికి డ్రైవరు సీట్లో ఒక కోడి పొదుగుతోంది. బానెట్ ఎత్తితే లోపల ఉన్నది ఏదో వ్యాను ఇంజను.

"మద్రాసులో పాత కార్ల పోటీ ఉందండీ. సొంత ఇంజను లేకపోతే రానివ్వరట. దీని ఇంజను పినపాక అవతల ఒక తండాలో నీళ్ళు తోడుతోందని విన్నాను. మీరు చూసి అదే అంటే తెచ్చుకుంటాను, బదులుగా కొత్త డీజిల్ ఇంజను ఇస్తాను. కానీ ఎందుకొచ్చారో మాత్రం చెప్పకండి. చెబితే కొండెక్కి కూర్చుంటారు" అన్నారాయన.

ఇలాంటి కార్లకు ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య ఉండే రేకు గోడ మీద ఒక ప్లేటు ఉంటుంది. కారు ఏ ఏడాదిది, ఏ నంబరు ఇంజనుతో పుట్టింది అన్నది దాని మీద కొట్టి ఉంటుంది. ఇంజను ఒంటి మీద ఇంకో చిన్న ఇత్తడి ప్లేటు ఉంటుంది. రెండు నంబర్లూ కలిస్తే సగం పని అయినట్టు. మిగతా సగం ఏమిటో తర్వాత చెబుతాను, ఎందుకంటే ఆ రోజు నేనూ దాన్ని తర్వాతే చేశాను. కారు మీది నంబరు సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాను.

ఆయన జీపు పంపించారు, డ్రైవరు కాసిం. సర్కారు వేలంలో కొన్న ఆకుపచ్చ జీపు అది. ముందు బోర్డు మీది అక్షరాలను కొట్టేసి తెల్లరంగు పూశారు. తెల్లవారుజామున ఖమ్మంలో బయలుదేరి, ఏన్కూరు మీదుగా జూలూరుపాడు చేరేసరికి మంచు విడుతోంది. రోడ్డు పక్క హోటల్లో నాలుగు ఇడ్లీలు తిని జేబులో చెయ్యి పెట్టాను. వంటాయన నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"వద్దు సార్. మీ తాన తీసుకుంటమా. మా హోటలు యాది పెట్టుకోండ్రి, గంతే."

నా పేరు జూలూరుపాడు దాకా పాకిందని మురిసిపోయాను. హోటలు వెనక చూరు దాకా పేర్చిన అడవి కట్టెలు చూశాను గానీ, అవి ఆయన మర్యాదకు కారణమని తట్టలేదు.

కొత్తగూడెం, పాల్వంచ, అశ్వాపురం మీదుగా మణుగూరు. అక్కడ బొగ్గు లారీల వెనక పడ్డామంటే గంట పోయినట్టే. చొక్కా తెల్లదైతే చొక్కా కూడా పోయినట్టే. ఖమ్మం నుంచి పినపాకకు అయిదు గంటలు పట్టింది. ఎర్రబస్సులో అయితే రెండుచోట్ల మారాలి, ఒక పూటంతా రాసిపెట్టుకోవాలి. పినపాక నుంచి తండాకు బండ్లబాట. వర్షాకాలంలో ఆ బాట మీద ఆశ పెట్టుకోకండి. టేకు, ఇప్ప చెట్ల మధ్య రెండు చక్రాల జాడలు, అంతే. అవి దిగేచోట వాగు, వాగు ఒడ్డున మిరపచేను, పూతా కాయా మీద ఎర్రగా పచ్చగా ఉంది. అడవి హద్దురాయి చేనుకు ఇవతలే ఉందని కాసిం చెయ్యెత్తి చూపించాడు. నేను అటు చూడలేదు. నా చెవులు ఇంజను చప్పుడు మీద ఉన్నాయి.

జీపు కనిపించగానే ఆ చప్పుడు ఆగిపోయింది. చేను యజమాని బాలూ నాయక్, ముప్పై అయిదేళ్ళవాడు, రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు. కాస్త వెనక అతని భార్య మంగ్లి.

"నంబరు చూడాలె" అన్నాను. కోటేశ్వరరావుగారి మాట ప్రకారం ఇంకొక్క ముక్క మాట్లాడలేదు.

"చూడుండ్రి సార్."

ఇంజను వాగు ఒడ్డు అంచున దుంగల మీద ఉంది. పెట్రోలుతో అంటించి కిరోసిన్‌తో నడిపే ఏర్పాటు. ప్రతి దసరాకు పూసిన పసుపు, కుంకుమ నూనెతో కలిసి అట్టకట్టాయి. ఇత్తడి ప్లేటు దొరికింది. అంకెల మేరకే గుడ్డతో తుడిచి, సిగరెట్ పెట్టె పక్కన పెట్టి ఒక్కొక్క అంకే పోల్చాను. అన్నీ కలిశాయి. ఆ కార్లకు రెండు కార్బొరేటర్లుండాలి, దీనికి ఒక్కటే ఉంది. కిరోసిన్ కోసం మార్చి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిధి దొరికినవాడు కుండకు పగులుందా అని చూడడు.

"ఎక్కడ కొన్నరు దీన్ని?"

"మా బాపు కొన్నడు సార్, కొత్తగూడెంల పాత సామానాయన తాన. దొర కారు ఇంజనని చెప్పి ఇచ్చిండంట. కాయితం అయితే లేదు సార్."

"కాయితం ఎవరడిగిండ్రు?"

"అవ్ సార్" అన్నాడు బాలూ, ఇంకా వంగిపోయి.

పినపాకకు తిరిగొచ్చి, ముప్పావలా టీ తాగుతుంటే జీపు వెనకనుంచి కోడి అరిచింది. వెళ్ళి చూస్తే కాళ్ళు కట్టిన పుంజు, దాని పక్కన ఒక సంచి ఎండుమిరప.

"ఏంది కాసిం ఇది?"

"ఆమె పెట్టింది సేటూ. గీ జీపు చూస్తే పెడ్తరు. జంగ్లాతోళ్ళ జీపు గద ఒకప్పుడు. ఇది కొన్నకాడికెల్లి మా ఇంట్ల కోడి కొన్నది లేదు."

అప్పుడు అర్థమైంది, ఒకటి తర్వాత ఒకటి. హద్దురాయి అవతల, అడవి భూమిలో వేసిన చేను. ఆకుపచ్చ జీపు. దిగి, మాట్లాడకుండా ఇంజను నంబరు రాసుకుపోయిన తెల్లచొక్కా మనిషి. ఇంజనును జప్తు చేయడానికి వచ్చిన అడవి అధికారిననుకున్నారు నన్ను. జూలూరుపాడు ఇడ్లీలు తినిపించింది కూడా నా పేరు కాదు, ఈ జీపే.

"తిప్పు బండి. ఇచ్చేసి వద్దాం."

"వద్దు సేటూ, నా మాటిను."

నేను వినలేదు. నిజాయితీపరుణ్ణి కదా. తండాకు పోయి, పుంజునూ సంచినీ మంగ్లి ముందు పెట్టి, "మాకొద్దమ్మా, మీరే ఉంచుకోండ్రి" అన్నాను. ఆమె ముఖంలో రక్తం లేదు. ఒక్క క్షణం నన్ను చూసి, వాగు వైపు తిరిగి లంబాడీలో గొంతెత్తి ఏదో కేకేసింది.

"చెడగొడ్తివి సేటూ" అన్నాడు కాసిం. "కోడి తీసుకుంటే ఇడిచిపెట్టినట్టు. వాపసిస్తే కేసు రాసినట్టు. గంతే లెక్క."

అంతలో వాగులో ఏదో బరువైనది పడ్డ చప్పుడైంది, అటు పరుగెత్తాను. దుంగల మీద ఇంజను లేదు. బాలూ, అతని తమ్ముడు బట్టలు తడిసి ఒడ్డున కూర్చున్నారు, పక్కన గడ్డపార. వాళ్ళ వెనక మడుగులో బుడగలు లేస్తున్నాయి, నీటి మీద నూనె రంగులు రంగులుగా పరుచుకుంటోంది.

"ఇంజనేది బాలూ?"

"ఏ ఇంజను సార్? మాకాడ ఇంజను లేదు."

"పొద్దుగాల నా చేత్తో నంబరు రాసుకుంటి గదయ్యా."

"వేరే తండాల కావచ్చు సార్. యాది చేసుకోండ్రి."

"నేను జంగ్లాతాయన్ను కాదు. ఖమ్మంల నాకు దుకాణం ఉన్నది. నట్లు, బోల్టులు అమ్ముతా."

"గట్లనే అంటరు సార్" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

మిరప పూత మీద ఉంది. నాలుగు రోజులు నీళ్ళు లేకపోతే ఆ ఏడాది పంట లేదు, ఆ ఇంట్లో ఇంకో ఆదాయమూ లేదు. ఇంజను నీళ్ళలో ఒక రాత్రి ఉంటే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, అది నాకు తెలుసు. ఎంత చెప్పినా నమ్మరు. అందుకని చొక్కా విప్పాను. పంచె కూడా విప్పాను. చారల లాగుతో, జీపు తాడు పట్టుకుని మడుగులోకి దిగాను. ఛాతీ లోతు, ఒళ్ళు కొంకర్లు పోయే చలి. ఒడ్డున తండా ఆడవాళ్ళంతా చేరారు. నా బొజ్జ చూసి ఎవరో కిసుక్కుమన్నారు. మంగ్లి అన్న మాట మాత్రం తెలుగులోనే, నాకు వినబడేలాగే అంది.

"జంగ్లాతాయనకు గంత బొర్ర ఉంటది గని, గసొంటి లాగు ఉండదు."

అంతా నవ్వారు. బాలూ కూడా నవ్వాడు, నవ్వి నీళ్ళలోకి దూకాడు. నేను చెప్పిన నిజానికి లేని విలువ నా లాగుకు వచ్చింది.

తాడు కట్టి జీపుతో లాగి ఒడ్డుకు చేర్చాం. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో నీళ్ళు కక్కించి, పాత నూనె తీసేసి జీపులో ఉన్న కొత్త నూనె పోశాను. తడిసిన విడిభాగాలను మంట దగ్గర ఆరబెట్టాం. ఒళ్ళంతా కిరోసిన్‌తో కడుగుతుంటే, ఏళ్ళనాటి కుంకుమా జిడ్డూ ఊడి వచ్చి, ఇత్తడి ప్లేటు నాలుగు మూలలూ బయటపడ్డాయి. ఆ మూలల్లో ఫ్యాక్టరీలో కొట్టిన రివిట్లు ఉండాలి. ఉన్నవి గాట్లున్న మరలు. అంటే ప్లేటు ఒక ఇంజను మీది నుంచి ఊడదీసి ఇంకోదానికి బిగించింది. కడిగిన ఇంజను దిమ్మ మీద, పోతపోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చిన ఏడాది అంకె చూశాను. కారు కంటే ఇంజను అయిదేళ్ళు చిన్నది. పాత సామానాయన దొర ప్లేటును ఏదో వ్యాను ఇంజనుకు తగిలించి బాలూ వాళ్ళ నాన్నకు అంటగట్టాడు. అసలుది ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. మిగతా సగం పని అంటే ఇదే. పొద్దున ఎందుకొచ్చానో చెప్పి, అయిదు నిమిషాలు ఆగి చేసి ఉంటే, మళ్ళీ రావలసిన పనే లేదు.

"నంబరు మంచిగున్నదా సార్?" అన్నాడు బాలూ.

"మంచిగున్నది" అన్నాను. దొర ఇంజనని వాళ్ళ నాన్న చెప్పుకున్న మాటను నేనెందుకు తీసేయాలి.

ఎండ వాలుతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. కాలవలో నీళ్ళు మిరప సాళ్ళ దాకా పోయాయి. మంగ్లి జొన్నరొట్టె, మిరపతొక్కు పెట్టింది. తలెత్తకుండా తిన్నాను.

తర్వాత ఆ దారిలో చాలాసార్లు వెళ్ళాను గానీ వాగు దగ్గర దిగలేదు. దిగితే బాలూ మళ్ళీ సార్ అంటాడు. నేనెవరినీ మోసం చేయలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అయినా నేను నోరు మూసుకున్నందుకు ఒక ఇంటి పంట ఎండిపోబోయింది, అదీ ఒక షోకు కారు కోసం. వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. పాత ఇంజను చూడబోతే, దాని ముందు వంగకముందే ఎందుకొచ్చారో యజమానికి చెప్పండి. ఆయనే కిరోసిన్ ఇచ్చి, మూలలు కడిగి చూపిస్తాడు.

కోటేశ్వరరావుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను, మరల సంగతి, రివిట్ల సంగతి, అంకె సంగతి. "ఇంజను పోనివ్వండి, ప్లేటు అసలుదే కదండీ" అన్నారు. అసలుదే అన్నాను.

పదిహేను రోజులకు కాసిం దుకాణానికి వచ్చాడు. కాగితంలో చుట్టిన ఇత్తడి ప్లేటు బల్ల మీద పెట్టాడు.

"బాలూ ఏమన్నడు?"

"సంబురపడ్డడు సేటూ. ప్లేటు పోతే నంబరుండదు, నంబరు లేకపోతే కేసుండదు గద. మా అయ్యగారు కార్ల ఉన్న ఇంజనుకు బిగిస్తడంట. మరలు వద్దన్నడు, రివిట్లు తెమ్మన్నడు."

ప్లేటు రంధ్రాలు చూసి, సరిపోయే ఇత్తడి రివిట్లు నాలుగు ఏరి, పొట్లం కట్టి ఇచ్చాను.