ఆడెపు కొమురయ్యకు వచ్చిన తార్

1984 ఎండాకాలం. వరంగల్ కొత్తవాడలో టెలిగ్రాంలు పంచడం నా పని. మా దగ్గర వాటిని తార్ అంటారు. ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని పెద్దగా బతిమాలలేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. పేరు, వాడ, కింద ‘సీరియస్’ అని ఉందా లేదా, ఇవి దొరికితే నాకు చాలు. తార్ పైన చిన్న అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. అది ఆఫీసువాళ్ళ గొడవ అనుకుని పన్నెండేళ్ళు దాని మొహం చూడలేదు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ గల్లీలో ఆడెపు ఇంటిపేరుకు ఒకటే తలుపు. ఇంటి పెద్ద కొమురయ్య. ఆయన నలుగురు కొడుకులూ ఎవరి పెద్దకొడుక్కి వాళ్ళు తండ్రి పేరే పెట్టుకున్నారు. మామ పేరు నోట పలకకూడదు గనక కోడళ్ళు ఆ పిల్లల్ని నల్లోడు, బక్కోడు, గుండోడు, బుడ్డోడు అని పిలుచుకున్నారు. పిల్లలకు ఉత్తరాలు రావు కాబట్టి నాకు బాధ లేదు. తర్వాత ముసలాయన పోయాడు, కొడుకులు వేరుపడ్డారు, మనవలకు మీసాలొచ్చాయి, పల్లెల నుంచి అదే ఇంటిపేరువాళ్ళు మగ్గాల పనికి వచ్చి చేరారు. ఒకప్పుడు ‘ఆడెపూ’ అని కేకేస్తే ఒక్క కుక్క మొరిగేది. ఇప్పుడు తొమ్మిది తలుపులు తెరుచుకుంటాయి. నేను మాత్రం పాత లెక్కతోనే సైకిల్ తొక్కుతున్నాను.

ఆ రోజు పొద్దున వచ్చిన తార్‌లో ‘ఆడెపు కొమురయ్య, కొత్తవాడ. ఫాదర్ సీరియస్. స్టార్ట్ ఇమీడియట్లీ’ అని ఉంది. నల్లోడి తండ్రి రాజయ్య భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు, ఎప్పటినుంచో దగ్గు. ఇంకెవరికి వస్తుంది అనుకున్నాను. నల్లోడి చేత రసీదు మీద సంతకం పెట్టించుకున్నాను. అతను ఏడుస్తూనే సంచి సర్దుకుని కాజీపేట స్టేషన్‌కు బయల్దేరాడు. పన్నెండున్నరకు బండి.

ఆఫీసుకు రాగానే తార్ బాబు తలెత్తి అడిగాడు.

“షోలాపూర్ తార్ ఇచ్చినవా?”

“షోలాపూర్‌దేంది సార్? నేనిచ్చింది భీవండిది.”

“తార్ ఏ ఊర్ల పుట్టిందో పై వరుసలనే ఉంటది గదనే! సూడలేదా?”

షోలాపూర్‌లో ఉన్నది బక్కోడి తండ్రి లచ్చయ్య. నిరుడు పండగకు వచ్చినప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు. ఆయనకు జబ్బు చేస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. గడియారం పదకొండు దాటింది.

గల్లీకి ఎట్లా చేరానో తెలియదు. నల్లోడి ఇంటి ముందు జనం. లచ్చయ్య పెండ్లాం ఎల్లవ్వ, నల్లోడి తల్లిని పట్టుకుని ఓదారుస్తోంది.

“ఏడ్వకే చెల్లే, మరిదికేం గాదు. దేవుడున్నడు.”

జనాన్ని తోసుకుని ఆమె ముందుకు వెళ్ళాను.

“అవ్వా... తార్ వీళ్ళది కాదు. షోలాపూర్ నుంచి వచ్చింది.”

ఎల్లవ్వ చేతులు తోడికోడలి భుజాల మీదే ఉన్నాయి. ఓదార్పు తీసుకుంటున్న మనిషే ఇప్పుడు ఆమెను పట్టుకుంది. ఎల్లవ్వ కోడలికి నెలలు నిండాయి, వదిలి పోలేదు. “మా బక్కోన్ని బండెక్కియ్యి బిడ్డా,” అంది నాతో. అంతే.

బక్కోణ్ణి మగ్గం గుంటలోంచి లేపి సైకిల్ వెనక కూర్చోబెట్టుకున్నాను. హన్మకొండ దాటాక వెనక నుంచి అడిగాడు.

“అన్నా, మా నాయిన ఉన్నడంటవా?”

“ఉన్నడు తమ్మీ. సీరియస్ అంటే ఉన్నట్టే.”

చనిపోయినవాళ్ళకు కూడా ‘సీరియస్’ అనే రాస్తారని తార్లు పంచే ప్రతివాడికీ తెలుసు. దారిలో గుండె పగలకూడదని అట్లా రాస్తారు. నేను ముందుకు చూస్తూ తొక్కాను.

ప్లాట్‌ఫారం మీద నల్లోడు తార్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. సంగతి చెప్పగానే అతని ముఖం ఒక్క క్షణం వెలిగింది. అంతలోనే బక్కోణ్ణి చూశాడు, సిగ్గుతో తల దించుకున్నాడు.

“నన్ను తిట్టురా,” అన్నాను.

“గిప్పుడు గదేందే! జరుగు. ఒరే బక్కోడా, టికెట్ తెచ్చుకో, ఉరుకు. నేను గూడ వస్త. పెదనాయిన గాదా, నువ్వొక్కనివెట్ల పోతవ్?”

బండి కదిలాక సైకిల్ తీసుకుని వెనక్కి తిరిగాను.

మర్నాడు పొద్దున వాళ్ళు చేరేసరికి లచ్చయ్యకు తెలివి ఉంది. కొడుకును గుర్తుపట్టాడు, అతని చేతి నీళ్ళు తాగాడు. ఆ సాయంత్రమే పోయాడు. ఆ బండి తప్పితే తర్వాతిది మర్నాడు.

ఆ నెలలోనే ఎల్లవ్వకు మనవడు పుట్టాడు. పేరు పెట్టే ముందు ఆమె నా సైకిల్ ఆపింది.

“బిడ్డా, మన గల్లీల ఆడెపోల్లల్ల మా ఇంటాయన పేరున్నోల్లు ఎందరున్నరు?”

“ఇద్దరవ్వా. ఒకాయనకు పండ్లు ఊడినయ్, ఇంకొకాయనకు ఇంకా రాలే.”

చాలా రోజులకు ఆమె మూతి నవ్వడానికి కదిలింది.

“అయితే ముగ్గురైతరు. తాత పేరు ఇడిసిపెట్టుడు మాతోని గాదు. నువ్వే జర పై వరుస సదువుడు నేర్సుకో.”

నేర్చుకున్నాను. బడి మానేశాక నాకు చదువు చెప్పింది ఆమె ఒక్కతే.