సంబంధం: భార్య

1968లో నన్ను గజపతినగరం నుంచి శ్రీకాకుళంలోని ఓ పెద్దాసుపత్రికి లాబొరేటరీ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. రక్తం గ్రూపు చూడడం, రోగికి పడుతుందో లేదో పరీక్షించడం, సీసాలు ఫ్రిజ్‌లో భద్రపరచడం, రిజిస్టరు రాయడం నా పని. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. ఆ గుండ్రటి దస్తూరీయే ఓసారి కొంప ముంచబోయింది.

కోటబొమ్మాళి దగ్గర పల్లె నుంచి నరసమ్మ అనే రైతు ఇల్లాలు, భర్త పాపినాయుడితో వచ్చి ఆడవాళ్ళ వార్డులో చేరింది. అండాశయంలో కొబ్బరికాయంత గడ్డ. ఆపరేషన్ తప్పదు. ఆమెది ‘ఓ నెగటివ్’ గ్రూపు, అంటే అదే గ్రూపు రక్తం తప్ప మరొకటి పడదు. భర్తదీ, అన్నదమ్ములదీ కలవలేదు. మనిషి పుష్టిగా ఉంది కనక ఆమె రక్తమే ముందుగా ఓ సీసా తీసి ఉంచుదామని లేడీ సర్జన్ నిర్ణయించారు. సిట్రేటు మందు కలిపి చల్లగా ఉంచితే రక్తం మూడు వారాలు నిలవుంటుంది. రెండు వారాలకి ఆపరేషన్ పెట్టారు. మా ఆసుపత్రికి ఇది కొత్త.

రక్తం తీయడం సులువుగానే అయింది. ఫారంలో ‘దాతకు రోగితో సంబంధం’ అనే గడి దగ్గర ఆగిపోయాను. ఖాళీగా పంపితే హెడ్ గుమాస్తాగారు తిప్పి పంపారు. గడి నిండకపోతే సీసాకి నంబరు వెయ్యనన్నారు. ‘తానే’ అని రాస్తే, అది బంధుత్వం కాదని మళ్ళీ పంపారు. చివరికి నరసమ్మనే అడిగాను.

“నాకు నాను ఏటవుతానో నాకేటి తెలస్తాది బాబూ? ఆయన్ని అడగండి,” అంది.

పాపినాయుడు తడుముకోలేదు. “నెత్తురిచ్చింది నా పెళ్ళాం. పెళ్ళామనే రాసీండి,” అన్నాడు.

విసిగిపోయి ‘భార్య’ అని రాశాను. హెడ్ గుమాస్తాగారికి కావలసింది బంధుత్వం, అది దొరికింది. మారుమాట లేకుండా నంబరు వేశారు.

ఆపరేషన్ రోజున సీసా థియేటరుకి పంపాను. రక్తం ఎక్కించేముందు సీసా మీది చీటీ చదవడం థియేటరు సిస్టర్‌గారి బాధ్యత. గ్రూపు, నంబరు, ‘దాత: భార్య’ అని ఫారం చూసి ఆ చీటీ మీద నేనే గుండ్రంగా రాశాను. ఆవిడ చదివారు. ఆడమనిషికి భార్య రక్తమేమిటి, ఇది మగవార్డు సీసా అయ్యుంటుందని ఆయా చేత తిప్పి పంపేశారు. అప్పటికే నరసమ్మకి రక్తం బాగా పోతోందని ఆయా చెప్పింది.

రిజిస్టరు చంకన పెట్టుకుని, సీసాతో వరండా పొడుగునా పరుగెత్తాను. థియేటరు గుమ్మంలో కూర్చున్న పాపినాయుడు సీసా చూసి లేచాడు.

“దాని నెత్తురు దానికే పడలేదేటి బాబూ?”

నేను రొప్పుతుంటే సిస్టర్‌గారు తలుపు ఓరగా తీసి, ఇంతకీ ఈ భార్య ఎవరని అడిగారు.

“నా పెళ్ళామేనమ్మా,” అన్నాడు పాపినాయుడు.

మరి లోపలున్నది ఎవరన్నారు.

“అదీ నా పెళ్ళామే.”

నీకెంతమంది భార్యలయ్యా అని ఆవిడ గద్దించారు.

“ఒకర్తేనమ్మా. ఆ ఒకర్తీ లోపల అలగుంటే, నన్ను ఇలగ అడుగుతన్నారేటి?” అంటూ గొల్లుమన్నాడు.

రిజిస్టరు తెరిచి పేరు, గ్రూపు, సీసా నంబరు చూపించాను. మూడూ కలిశాయి. సిస్టర్‌గారు సీసా లాక్కుని లోపలికి వెళ్ళారు. నరసమ్మ బతికింది. పన్నెండో రోజున నడిచి ఇంటికి వెళ్ళింది.

తప్పు బంధుత్వం రాసినందుకు సంజాయిషీ అడుగుతూ హెడ్ గుమాస్తాగారు నాకు మెమో ఇచ్చారు. ఆయన్ని తిట్టుకున్నానుగానీ, రాసిన చెయ్యి నాది. ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ గడీ ఊరికే నింపలేదు. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు అప్పుడే అడుగుతారు. నిండిన గడి గురించి ఎవరూ అడగరు, అడిగేసరికి మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉంటుంది.