వంకాయరంగు జాకెట్టు మీద జీడి మరక

కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది జూలైలో నన్ను నర్సీపట్నంలోని ఆడపిల్లల శిక్షణ సంస్థకి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, ట్రేడు డ్రెస్ మేకింగ్. అంటే దర్జీ పని నేర్పే సర్కారు ఉద్యోగిని. చుట్టాలు "కుట్టు టీచరు" అనేవాళ్ళు. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను.

మా ట్రేడులో ప్రతి అభ్యాసాన్నీ "జాబ్" అంటారు. గుండీ కుట్టడం ఒక జాబ్, కాలరు వెయ్యడం ఒక జాబ్. కోర్సు చివర పిల్లలు ఒక పెద్ద జాబ్ చేసి చూపాలి. ఆ ఏడు దాని అంశం పాత బట్టని ఈ కాలానికి తగ్గట్టు మార్చడం. చూడటానికి విశాఖపట్నం నుంచి శైలజ గారనే డిజైనరు వస్తున్నారు. పాత పట్టుచీరలు, పాత జాకెట్లు కొని కొత్త తీరున తయారుచేసి అమ్మే వర్క్‌షాపు ఆవిడది. ఒక్క పిల్లని పనిలోకి తీసుకుంటానని ప్రిన్సిపాల్ గారికి ముందే కబురు పంపారు.

ఆ ఒక్కరూ పార్వతి అయితే బాగుండునని నాకు లోలోపల ఉండేది. ఎవరితోనూ అనలేదు, అనకూడదు కూడా. మాకవరపాలెం పిల్ల. వాళ్ళమ్మ జీడిపిక్కల బట్టీలో పనిచేస్తుంది. బట్టీలో మనుషులు జతలుగా కూర్చుంటారు, ఒకరు పిక్క కొడితే ఎదురుగా ఉన్నవారు పప్పు తీస్తారు. జత లేనివాళ్ళకి జాగా ఇవ్వరు. సెలవు రోజుల్లో అమ్మకి పార్వతే జత, మామూలు రోజుల్లో ఖాళీగా ఉన్నవాళ్ళని ఎవరినో బతిమాలుకునేది. కోర్సు అయిపోయాక రోజూ అదే జాగా అని ఇంట్లో అనేసుకున్నారు. విశాఖ వెళ్ళడమో, ఆ పీట మీద కూర్చోవడమో ఈ ఒక్క జాబ్‌తో తేలిపోవాలి.

పార్వతి తెచ్చుకున్నది వాళ్ళ నాయనమ్మ అప్పలనర్సమ్మ పెళ్ళినాటి జాకెట్టు. వంకాయరంగు పట్టు, బుట్ట చేతులు, చేతుల చివర సన్న జరీ, వెనక ముడి వేసుకునే తాడు. యలమంచిలి స్టేషను దగ్గర ఒక టైలరు కుట్టాడట. సినిమా హాలు ముందు పోస్టర్లు చూసొచ్చి ఆ చేతుల్ని తన ఊహతో మార్చి కుట్టేవాడట. పాత ఫ్యాషన్ అనగానే మనవాళ్ళు పెద్ద పెద్ద పేర్లు చెబుతారు గానీ, మన పక్క అసలు డిజైనర్లు ఇటువంటి స్టేషను దగ్గరి టైలర్లే. ఆ బుట్టలో కుచ్చులు పెట్టిన తీరు చూసి నాకే ముచ్చటేసింది.

పార్వతి ఆలోచన కూడా నాకు నచ్చింది. ముందు హుక్కులు తీసేసి, తెల్లని నూలు లాంగ్ ఫ్రాకు మీద ఆ జాకెట్టుని కోటులా తెరిచి వేసుకోవాలని. చిక్కల్లా ముసలావిడ పెట్టిన షరతుతోనే. "దానికి కత్తెర తగల్నివ్వకే" అని చెప్పి మరీ ఇచ్చిందట. సరే, ఊడదీయడం, చేత్తో కుట్టడం తప్ప కోత లేకుండానే డిజైన్ చేయించాను.

ఆ రోజు సోమవారం. మధ్యాహ్నం మూడింటికి శైలజ గారు రావాలి. పొద్దున్న పార్వతి ఆఖరి ఇస్త్రీ చేస్తోంది, నేను పక్క టేబుల్ దగ్గర ఇంకో పిల్ల జిప్పు చూస్తున్నాను. "మేడమ్" అని ఒక్క మాట వినబడింది. ఆ గొంతు విని జిప్పు వదిలేసి వెళ్ళాను.

జాకెట్టు ముందు భాగంలో, అంచు పక్కన, రూపాయి బిళ్ళంత గోధుమరంగు మరక. ఇస్త్రీ పెట్టె పెట్టకముందు లేదట. నేను వంగి చూశాను, వాసన చూశాను. జీడి. ముందురోజు ఆదివారం పార్వతి బట్టీలో కూర్చుంది. చేతులకి బూడిద రాసుకుని కూర్చున్నా గోళ్ళ సందుల్లో, వేళ్ళ పగుళ్ళలో జీడి రసం మిగిలిపోతుంది. బట్టకి అంటినప్పుడు కనబడలేదు, వేడి తగిలేసరికి బయటపడింది. జీడి మరక వదలదు. చాకలివాళ్ళు గుర్తులు పెట్టేది కూడా ఆ జాతి మరకతోనే.

"చేతులు కడుక్కోలేదుటే?" అని అరిచాను. "రెండుసార్లు కడుక్కున్నాను మేడమ్" అంది. అబద్ధం కాదు. సబ్బుకి పోయేదైతే కదా. నాకు కోపం ఎవరి మీదో తెలీలేదు, ఇస్త్రీ పెట్టె మీద కూడా వచ్చింది.

మరక మీద పూసల పని చేద్దామా అనుకున్నాను. ఆ పట్టు పూసల బరువు మోయదు, చిరిగిపోతుంది. తీసేసి అతుకు వెయ్యాలంటే అదే బట్ట కావాలి. అప్పుడు జాకెట్టు తిరగేసి పక్క కుట్లు చూశాను. మన ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే, జాకెట్టు పక్కన మూడు కుట్లు వేసి లోపల రెండు వేళ్ళ బట్ట వదులుతారు. ఒళ్ళు చేసినకొద్దీ ఒక్కో కుట్టూ విప్పుకుంటారు. అప్పలనర్సమ్మ జాకెట్టులో మూడు కుట్లూ అలాగే ఉన్నాయి. ఒక్కటీ విప్పే అవసరం రాలేదు. లోపలి బట్ట అంతా భద్రంగా ఉంది, కానీ ఎండ తగలక రంగు నిగనిగలాడుతోంది. పైన చూస్తే వెలిసిపోయిన వంకాయ, లోపల అప్పుడే కోసిన వంకాయ. మరక జాగాలో అది అతికితే మరక కంటే ముందు అతుకే కనిపిస్తుంది.

పార్వతి చాలాసేపు ఆ రెండు రంగుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. కళ్ళు తుడుచుకుంటూనే చూసింది. తర్వాత మెల్లగా, "రెండు పక్కలా వేసేద్దాం మేడమ్. మెడ నుంచి నడుం దాకా పట్టీలాగ. కనబడితే కనబడనీండి, కావాలనే వేసినట్టుంటది" అంది.

మంచి ఆలోచన అని నాకు అప్పటికప్పుడే తెలిసింది. కానీ కత్తెర పెట్టాలి. జాకెట్టు దానిది కాదు, నాదీ కాదు. ముసలావిడ మనవరాలి జాబ్ చూడటానికి ఆటోలో బయల్దేరిందని పార్వతి చెప్పింది. ఆవిడ వచ్చేవరకూ కత్తెర ముట్టుకోవద్దని చెప్పాను. కూర్చోలేక, నిలబడలేక గేటు దాకా ఎన్నిసార్లు తిరిగానో. ఆటో వచ్చిందంటే వేరే ఎవరో దిగేవారు.

అప్పలనర్సమ్మ మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక వచ్చింది. సన్నటి మనిషి, వేళ్ళ చివర్లు నల్లగా గట్టిపడి ఉన్నాయి. చూపు మందగించి బట్టీ మానేసి కొన్నేళ్ళయిందట. నేను ఏదీ దాచకుండా జాకెట్టు చేతికిచ్చి సంగతి చెప్పాను. మరకని బొటనవేలితో తడిమింది.

"ఓలమ్మో, జీడేనే ఇది! ఏటే గుంటా, సేతులు సూసుకోకుండా పట్టుని ముట్టుకున్నావా?"

నేను లోపలి బట్ట తిరగేసి చూపించి, కొయ్యడానికి ఒప్పుకుంటేనే ముట్టుకుంటామని, లేకపోతే మరకతోనే పెడతామని చెప్పాను. ఆవిడ ఆ బట్టని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇదే రంగు మేడమ్ గారూ. నా పెళ్ళినాడు ఇలాగే ఉండీది. మరిసిపోనాను." జాకెట్టు నా చేతికి తిరిగిచ్చి, "ఇప్పుడింక నేనేటి ఒళ్ళు సేత్తాను? కోసీండి. బేగి కోసీండి, ఆవిడొచ్చీగల్దు" అంది.

కత్తెర పార్వతి చేతికే ఇచ్చాను. ఎవరి జాబ్ వాళ్ళే కొయ్యాలి, అది నిబంధన. ఈసారి చేతులకి పల్చటి కాటన్ గ్లవుజులు తొడిగించాను. పాత పట్టు కత్తెర పడగానే పోగులు వదిలేస్తుంది. ఒక్క గుంజు గుంజితే నిలువునా చీలిపోతుంది. ముందు పక్కల లోపలి బట్టని కోసి తీసి, మిగిలిన కుట్టుని నూలు పట్టీతో బిగించింది. ముందు అంచులు రెండూ మరకతో సహా రెండు వేళ్ళ మేర తీసేసి, లోపలి ముక్కల్ని అతికి ఆ జాగాలో కూర్చింది. గ్లవుజుల్లో సూది జారి రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నేను పక్కన నిలబడి చూడటం తప్ప చేసిందేమీ లేదు. ప్రిన్సిపాల్ గారు శైలజ గారికి టీ ఇప్పిస్తున్నారని అటెండరు వచ్చి చెప్పేటప్పటికి ఇంకా నడుం దగ్గర కుట్టు మిగిలే ఉంది.

పిల్లలు ఒక్కొక్కరే తాము చేసింది వేసుకుని హాల్లో నడిచారు. పార్వతి ఆఖరున వచ్చింది. తెల్ల ఫ్రాకు మీద వెలిసిన వంకాయరంగు జాకెట్టు, ముందు రెండు పక్కలా మెరిసే పట్టీలు. శైలజ గారు లేచి దగ్గరికి వచ్చారు. ఇంత పాత బట్టకి ఇంత కచ్చితంగా కలిసే ముదురు రంగు ఎక్కడ దొరికిందని అడిగారు. పార్వతి పక్క కుట్టు తిప్పి చూపించి, మరక సంగతితో సహా చెప్పింది. ఆవిడ నవ్వారు. నాకు సగం ప్రాణం వచ్చింది.

అంతలో ఆవిడ పార్వతి చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూశారు. నవ్వు తగ్గింది. డిజైన్ తనకి చాలా నచ్చిందనీ, కానీ తన దగ్గరకొచ్చేవి ఇతరుల ఇళ్ళలో దాచుకున్న పట్టుబట్టలనీ, ఈ చేతులతో వాటిని ముట్టుకోనివ్వలేననీ చెప్పారు. నెల రోజులు జీడి ముట్టకుండా ఉండి, చేతులు మెత్తబడితే రమ్మన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. నేనైనా అదే అనేదాన్ని. కానీ సీజన్లో బతిమాలినా వేరే జత దొరకదు, నెల రోజులు జత లేకపోతే వాళ్ళమ్మ జాగా పోతుంది. పార్వతి "సరే మేడమ్" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ "సరే"కి అర్థం రానని.

వెనక బల్ల మీంచి అప్పలనర్సమ్మ లేచింది.

"దాన్ని నెల్లాళ్ళూ ఇంటికాడ కూకోబెడతాను అమ్మగారూ. దాని జాగాలో నేను కూకుంటాను."

"మామ్మా, నీకు కళ్ళు కనబడవు" అంది పార్వతి.

"పిక్క కొట్టడానికి కళ్ళెందుకే? సేతులకి తెల్దేటి?"

ఆ నెలంతా ఆవిడ కోడలికి జతగా కూర్చుంది. తర్వాత పార్వతి విశాఖ వెళ్ళింది, ముసలావిడ ఆ జాగాలోనే ఉండిపోయింది. ఆ జాకెట్టు ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది, ఇక విప్పడానికి లోపల బట్ట లేదు.

మా సిలబస్‌లో మొదటి పాఠం కత్తెర పట్టుకోవడం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను తీసుకున్న ప్రతి బ్యాచిలోనూ మొదటి రోజు కత్తెరలు అల్మరాలోనే ఉంచి, పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు చూసేదాన్ని. బట్టీకి వెళ్ళే పిల్ల చేతికి పట్టు జాబ్ ఇవ్వాల్సి వస్తే, ముందుగా వాళ్ళింటికి వెళ్ళి, ఆ జాగాలో ఎవరు కూర్చుంటారని అడిగేదాన్ని.