తనకు తానే మార్కులేసుకున్న కంప్యూటర్

కరెంటు పోయి యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా నాకు వట్లూరులో మా కాలేజీ ల్యాబు, రజియా మేడమ్ గుర్తొస్తారు. ఆవిడ ప్రాజెక్టు అందరిముందూ దెబ్బతిన్నప్పుడు, దానికి కారణం నేనేనని అప్పుడు నేను ఒప్పుకోలేదు. ఆవిడ పనితనం మీద పడిన ఆ మచ్చ అన్యాయమైనది. అందుకే ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం తర్వాతి తొలి రోజులవి. ల్యాబులోని కంప్యూటర్లు, మధ్యలో సర్వర్ లేకుండా, నోట్సు ఒకదాన్నొకటి అడిగి తెచ్చుకునేలా మేడమ్ మాచేత ఏర్పాటు చేయించారు. వచ్చిన ఫైలు బాగుంటే పంపిన కంప్యూటర్‌కి మంచి మార్కు, పాడైనదైతే చెడ్డ మార్కు. ఎక్కువ మార్కులున్నదాన్నే మిగతావి ముందుగా అడుగుతాయి. దీన్ని కాలేజీ అంతటా పెట్టించాలని ఆవిడ ఆశ.

“మరి కొత్తగా చేరినదాన్ని ఎలా నమ్మాలండీ?” అని అడిగాను.

ఏలూరులో మేడమ్ వాళ్ళ నాన్నగారిది కుట్టుషాపు. “మా షాపుకి కొత్తగా వచ్చినావిడ ముందు ఒక్క జాకెట్టే ఇస్తుందయ్యా. అది కుదిరితేనే పెళ్ళిబట్టలు తెస్తుంది. మనమూ అంతే, ముందు చిన్న ఫైలు అడుగుదాం,” అన్నారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ షాపు నడుపుతూ, మనుషుల విషయంలోనూ నేను ఆ పద్ధతే పాటిస్తున్నాను. ఎవరినీ వెంటనే నెత్తిన పెట్టుకోను, గుమ్మంలోంచే పంపెయ్యను.

నాకిచ్చిన కంప్యూటర్ పాతది, ఫైళ్ళు పాడుచేసేది. “నీ డబ్బాకి పాస్ మార్కులైనా రాలేదేంట్రా!” అని మా క్లాసు సూరిబాబు రోజూ ఏడిపించేవాడు. ఉక్రోషంతో, ఆ డబ్బాలోనే, లేని పది కంప్యూటర్లకి దొంగ పేర్లు సృష్టించి, పదింటితోనూ దానికి మంచి మార్కులు వేయించాను. రెండు రోజుల్లో అది అందరికన్నా పైకెక్కింది.

ప్రిన్సిపాల్ గారు చూడడానికి వచ్చి ఒక ఫైలు అడిగారు. నా కంప్యూటర్ నుంచే వచ్చింది. తెరుచుకోలేదు.

“బాగా నమ్మదగినది ఇదేనా అమ్మా?”

“పొరపాటు నాదేనండి. ఎక్కడుందో చూస్తాను,” అన్నారు మేడమ్. నేను ఆవిడ పక్క కుర్చీలో కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ప్రాజెక్టు అక్కడితో ఆగిపోయింది. ఆవిడ మాత్రం ఆ సంవత్సరమంతా, ప్రోగ్రామ్‌లో లేని తప్పు కోసం వెతుకుతూనే ఉన్నారు. మా మీద ఒక్కసారీ విసుక్కోలేదు.

పోయిన నెల ఏలూరులో వాళ్ళింటికి వెళ్ళి అంతా చెప్పాను. మేడమ్ నవ్వేశారు.

“ఒక్కడే పదిమందిగా వస్తాడని నాకు తట్టలేదు చూడు! అప్పుడే చెప్పుంటే ఇద్దరం కూర్చుని సరిచేసేవాళ్ళం కదయ్యా.”

ఆ మాట తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

“క్షమించండి మేడమ్,” అన్నాను. “ఆ రోజు మీరు వెతికిన తప్పు మీ పక్క కుర్చీలోనే కూర్చుందండీ.”