అద్దం పెంకు కింద వంగనారు

సత్తెనపల్లి రోడ్డు మీద బస్సు దిగి, పత్తిచేల మధ్య బండ్లబాటలో కాసేపు నడిస్తే వచ్చే ఆ ఊళ్ళో, ఇప్పుడు వంగనారు కావాలంటే ఎవరైనా సర్దార్‌బీ గుమ్మంలోకే వెళతారు. ఒకప్పుడు ఇదే జనం ఆమె ఎదురుపడితే విత్తనాల మూట కొంగు చాటుకు తోసేవారు. మనుషులకు జ్ఞాపకం తక్కువ, సిగ్గు ఇంకా తక్కువ. సర్దార్‌బీ మాత్రం ఏదీ మర్చిపోలేదు. అయినా నారు అడిగినవాళ్ళను ఒట్టిచేతులతో పంపదు.

అప్పట్లో ఆమె చెయ్యి వేడిదని, వేసిన విత్తు మాడుతుందని పేరు. ఆ పేరు పెళ్ళయిన కొత్తలోనే పడింది. అత్త అమీర్‌బీది ఊరంతా మెచ్చిన హస్తవాసి. బావి పక్కన ఆవిడ పోసిన నారుమడిలో ఎండ కాసినా వాన కొట్టినా ఒక్కచోట ఖాళీ కనిపించేది కాదు. మిరపరైతులు సైతం నారు పోసే రోజున ఆవిడను బతిమాలి తీసుకెళ్ళి, మొదటి పిడికెడు ఆవిడ చేతే చల్లించుకునేవారు. ఇక ఆ ఇంటి వంగ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముచ్చికకు ముళ్ళు, ఊదారంగు మీద తెల్లచారలు, పొయ్యి మీద పెట్టిన కాసేపటికే వెన్నలా మెత్తబడే కాయ. ఆ విత్తనం ఇంకే ఇంట్లోనూ లేదు.

కొత్తకోడలిని మురిపెంగా మడి దగ్గరకు తీసుకెళ్ళి, సగం నువ్వు చల్లమంది అమీర్‌బీ. మొలకలు బాగానే వచ్చాయి. వారం తిరక్కుండా కోడలు చల్లిన సగం మాడి నేలకంటుకుపోయింది. అత్త చల్లిన సగం పచ్చగా నిలబడింది. చూడవచ్చిన ఆడవాళ్ళలో ఎవరో ఈ పిల్ల చెయ్యి వేడిదన్నారు. అమీర్‌బీ ఆ మాట అనలేదు. అలాగని కాదనీ అనలేదు. మడి వైపు చూస్తూ ఊరుకుంది. ఆనాటి నుంచి ఎవరింట్లో శుభకార్యమైనా పనులన్నీ సర్దార్‌బీతో చేయించుకునేవారు గానీ, విత్తనం బయటికి తీసే వేళకు మాత్రం ఏదో ఒక వంక చెప్పి ఆమెను దూరంగా పంపేవారు. గోంగూర గింజలు చల్లినా అంతే. ఆమెకు కడుపు పండకపోవడాన్ని కూడా చివరికి ఆ చేతికే అంటగట్టారు. ఆ మాట ఆమెను కోసినట్టు ఇంకేదీ కోయలేదు.

రెండు వేల సంవత్సరంలో ముసురు మొదలయ్యే రోజుల్లో అమీర్‌బీ మంచాన పడింది. మాట పడిపోయింది. లోపలిగదిలో మూలనున్న తన నులకమంచం మీదే ఉంది చివరిదాకా. పోయే పూట అందరూ చుట్టూ ఉండగా ఆవిడ కుడిచేతి చూపుడువేలు పైకెత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. దేవుడు ఒక్కడేనని సాక్ష్యం చెప్పే వేలు అది. ప్రాణం పోయే వేళ ఆ వేలు ఎత్తగలగడం ఎంత పుణ్యమోనని కూతురు ఖుర్షిదా భోరుమంది. మగవాళ్ళు కలిమా అందుకున్నారు. సర్దార్‌బీకి మాత్రం ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. వేలు పైకే ఉంది గానీ అత్త కళ్ళు తన మొహం మీద ఉన్నాయి. ఏదో చెప్పాలని తన్నుకుంటున్న కళ్ళవి.

నలభయ్యోనాటి ఫాతిహా ప్రార్థన అయ్యేదాకా పోయినవాళ్ళ మంచం కదపకూడదు, దాని మీద కూర్చోకూడదు. అది ఆ ఇంటి ఆచారం. సందెవేళ ఊదు వేసి, మంచం తలవైపు చెంబుతో నీళ్ళు పెట్టాలి. పొద్దున్నే ఆ నీళ్ళు తీసి చెట్టు మొదట్లో పోయాలి. కోడలు కాబట్టి ఆ పని సర్దార్‌బీది.

మొదటి పొద్దున చెంబు వంచితే నీళ్ళు మురికిగా వచ్చాయి. అడుగున సన్నటి మట్టి పేరుకుని ఉంది. మడిలో పనిచేసి వచ్చి చేతులు కడుక్కుంటే దిగే మట్టి అది. కప్పులోంచి రాలిందేమోలే అనుకుని, ఆ సాయంత్రం చెంబు మీద పళ్ళెం మూత పెట్టింది. తెల్లారి మూత పెట్టినది పెట్టినట్టే ఉంది. అడుగున మట్టి కూడా ఉంది.  ఎవరితో చెప్పినా తన చేతి మీదికే వస్తుందని నోరు మెదపలేదు.

ఇంతలో నారు పోసే అదను వచ్చింది. తల్లి హస్తవాసి కూతురికి రాకపోదని ఖుర్షిదా వచ్చి బావి పక్క మడిలో ఇంటి వంగ చల్లింది. ముసురు పట్టుకుని వదల్లేదు. మొలకలు మొదలు నల్లబడి కుళ్ళి ఒరిగిపోయాయి. మళ్ళీ చల్లింది. మళ్ళీ అంతే. ఆకాశాన్ని తిట్టడం మానేసి, వదిన నీడ పడి ఉంటుందని అందరి ముందూ అనేసింది. తర్వాత ఇక తన వల్ల కాదని చేతులెత్తేసింది.

మిగిలింది అమీర్‌బీ పాతచీర కొంగున ముడి వేసి ఉన్న పిడికెడు గింజలు. వచ్చే ఏటికి దాచుదామంటే వాటికీ చెమ్మ తగిలి ఉబ్బుతున్నాయి. ఆగితే ముడిలోనే మురిగిపోతాయి. సర్దార్‌బీ భర్త ఖాజావలి పరుపులు కుట్టే పని మీద అద్దంకి వైపు బయల్దేరుతూ ఆ ముడి చేతిలోకి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇది కూడా పోతే మా అమ్మ రెండోసారి చచ్చినట్టే" అన్నాడు. నువ్వు చల్లు అనలేదు. చల్లొద్దనీ అనలేదు. ఆ విషయంలో తల్లికి తగ్గ కొడుకే.

అతను వెళ్ళాక సర్దార్‌బీ ఆ ముడి ఒళ్ళో పెట్టుకుని లెక్క వేసుకుంది. ఈ గింజలు తన చేతిలో చస్తే ఇంటి వంగ పోతుంది. తన చేతికి పడిన పేరు ఇక గోరీ దాకా వెంట వస్తుంది. చల్లకపోయినా ఎలాగూ పోయేదే. బయట వాన ఆగేలా లేదు. ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చేయని పని చేద్దామని అప్పుడే తోచింది. నూనె డబ్బాలు నిలువునా కోయించి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మాగిన ఎరువూ ఇసుకా కలిపి నింపింది. లోపలిగదిలోకి మోసుకొచ్చి, బిస్మిల్లా అనుకుంటూ గింజలు చల్లింది.

గది కిటికీకి వానజల్లు కొట్టకుండా యూరియా గోతం కుట్టి ఉంది. విత్తనానికి చావుగాలి సోకకూడదంటారు కదా, అందుకని డబ్బాలను అత్త మంచానికి ఎంత దూరంగా పెట్టగలదో అంత దూరంగా, ఎదురుమూల గోడకు ఆనించి పెట్టింది.

మొలకలు వచ్చాయి. సర్దార్‌బీ నేల మీద బోర్లా పడుకుని వాటిని చూసి పసిపిల్లలా నవ్వుకుంది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. మొలకలు పైకి పెరగడం మాని పక్కకు సాగసాగాయి. తెల్లగా, నూలుపోగుల్లా, అన్నీ ఒకే వైపుకి. గది దాటి, అటు మూలనున్న అత్త మంచం వైపుకి.

ఆమె డబ్బాలను అటుదిటు తిప్పింది. రెండు పూటలు గడిచేసరికి అన్నీ మెడలు తిప్పుకుని మళ్ళీ మంచం వైపే వంగాయి. ఎన్నిసార్లు తిప్పినా అదే వరస. ఆ గదిలోకి వెళ్ళాలంటేనే ఆమె వెనకాడేది. వెళితే అన్ని తలలూ ఆమెకు వీపు చేసి, ఖాళీ మంచం వంక చూస్తూ ఉండేవి. చెంబులో మట్టి రోజూ దిగుతూనే ఉంది. మొక్కలు ఒక్కటొక్కటిగా నడుం విరిగి పడిపోతున్నాయి. డబ్బాల్లో అక్కడక్కడా ఖాళీలు పడ్డాయి.

ఖుర్షిదా ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మొక్కలను చూసింది, మంచాన్ని చూసింది. 

"అమ్మ వాటిని పిలుస్తోంది వదినా. నీ చేతి కింద ఉంచడం ఆమెకి ఇష్టం లేదు. పారెయ్ వాటిని" అంది. లోపలికి అడుగు పెట్టకుండానే వెళ్ళిపోయింది.

సర్దార్‌బీ డబ్బా ఎత్తింది కూడా. పెరట్లో విసిరేద్దామనే ఎత్తింది. అప్పుడు మొక్కల తలలు ఆమె కళ్ళకు దగ్గరగా వచ్చాయి. అవి మంచం వైపు వంగలేదు. మంచం పైనున్న కప్పు వైపు వంగాయి. అన్నీ చూపుడువేళ్ళలా ఒకే చోటుకి ఎత్తి ఉన్నాయి. చివరి పూట అత్త ఎత్తిన వేలు ఆమెకు గుర్తొచ్చింది.

డబ్బా దించింది. ఆచారాన్ని పక్కనపెట్టి, వెళ్ళి అత్త మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ మంచం మీద ఆమె ఒక్కసారైనా పడుకుని ఎరగదు. కళ్ళు తెరిచేసరికి సరిగ్గా నెత్తిన, నల్లటి పెంకుల మధ్య, వెలుగు కోసం వేసే అద్దం పెంకు ఒకటి ఉంది. పొగచూరి మసకబారి, అయినా కాస్త వెలుగు దించుతోంది. గదిలో ఉన్న వెలుగంతా అదే. మొక్కలు వెతుక్కున్నది దాన్నే.

ఆ వెలుగు మంచం పక్క గోడగూటి మీద పడుతోంది. గూటికి పలచటి పాతచీర గుడ్డ తెరలా కట్టి ఉంది. అత్త జపం చేసే తస్బీహ్ దండ, వక్కాకు అందులో పెట్టుకుంటుందని ఇంట్లో ఎవరూ దాన్ని కదిలించేవారు కాదు. సర్దార్‌బీ తెర తీసింది. లోపల కొబ్బరిచిప్పలు వరసగా ఉన్నాయి. వాటి నిండా ఎండిన మట్టి. కొన్నింటిలో కిందటేడు వాడకుండా మిగిలిపోయిన వంగమొక్కలు, పుల్లల్లా ఎండిపోయి నిలబడే ఉన్నాయి.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడే చతికిలబడింది. అత్త మడిలోనూ మొక్కలు చచ్చేవి. అందరి మడుల్లో చచ్చినట్టే చచ్చేవి. ఊరు లేవకముందే ఆవిడ ఈ చిప్పల్లోని మొక్కలు తీసుకెళ్ళి ఆ ఖాళీలు పూడ్చేసేది. పెళ్ళయిన కొత్తలో కూడా మొత్తం మడి మాడిపోయి ఉంటుంది. తన సగం మాత్రం పూడ్చుకుని, కోడలి సగం అలాగే వదిలేసింది.

సర్దార్‌బీ నోటికొచ్చినట్టల్లా తిట్టింది. ఖాళీ మంచాన్ని పట్టుకుని, ఆడది ఆడదాన్ని తిట్టగలిగినన్ని తిట్లు తిట్టింది. తిట్టి తిట్టి గొంతు పోయాక ఏడ్చింది. తర్వాత లేచి, బూజుకర్రకు తడిగుడ్డ చుట్టి అద్దం పెంకు మసి తుడిచింది. డబ్బాలన్నీ మోసుకొచ్చి అత్త పోయిన మంచం మీదే, ఆ వెలుగు కింద పెట్టింది. చావుగాలి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది.

బతికినవి నిలువుగా లేచాయి. ఆకు పచ్చబడింది. చచ్చినచోట్ల మాత్రం ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. పూడ్చడానికి ఆమె దగ్గర వేరే మొక్కలూ లేవు.

నలభయ్యో రోజున పొద్దున్నే ఖాజావలి వచ్చాడు. ఫాతిహా వంటలకు ఖుర్షిదా, ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు దొడ్లో కూరలు తరుగుతుండగా సర్దార్‌బీ చెంబు తీయడానికి లోపలికి వెళ్ళింది. నీళ్ళు ఎన్నడూ లేనంత చిక్కటి మట్టిగా ఉన్నాయి. తలెత్తి డబ్బాల వంక చూసింది. ఎక్కడా ఖాళీ లేదు. చచ్చిన ప్రతిచోటా కొత్త మొక్క నిలబడి ఉంది, మొదలు దగ్గర బొటనవేలితో అదిమిన గుంటతో సహా. ఆమె తన వేలు ఒక గుంటలో పెట్టి చూసింది. గుంట పెద్దది.

ఆమెకు భయం వేసింది. ఆ భయంలోనే, ఇన్నేళ్ళకు అత్త కోడలి సగం మడి పూడ్చిందని తెలిసింది.

ఖుర్షిదా వెనకే వచ్చి డబ్బాలు చూసి కేకేసింది. ఆడవాళ్ళు మూగారు. ఒక్కటి కూడా పోలేదన్నారు. అమీర్‌బీ హస్తవాసి కోడలికే దిగిందన్నారు. ఆ మాట కోసం సర్దార్‌బీ తన వయసంతా ఎదురుచూసింది. ఊ అంటే చాలు, ఆ పేరు ఆమెదే.

ఆమె వంగి, బొటనవేలి గుంటలున్న మొక్కలను ఒక్కొక్కటే మట్టితో సహా పెకలించింది. అందరూ చూస్తుండగా వాటిని గూట్లోని కొబ్బరిచిప్పల్లోకి మార్చింది. డబ్బాల్లో ఖాళీలు మళ్ళీ బయటపడ్డాయి.

"ఇవి నేను పోసినవి కాదు. నేను పోసినవాటిలో కొన్ని చచ్చాయి. అవి చచ్చినట్టే కనపడాలి" అంది.

పిచ్చి పట్టిందనుకున్నారు. ఎందుకని ఎంత అడిగినా చెప్పలేదు. అత్త పరువు ఆమె ఆనాడూ తీయలేదు, తర్వాతా తీయలేదు. అందరూ పోయాక మంచం దగ్గర నిలబడి మెల్లగా అంది.

"ఇక చాలత్తా. నా చెయ్యి వేడిది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వెళ్ళి పడుకో."

ఆచారం ప్రకారం ఆ సాయంత్రం నుంచి నీళ్ళు పెట్టక్కర్లేదు. అయినా పెట్టింది. తెల్లారి చెంబు వంచితే నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇత్తడి మెరుస్తోంది. అత్త పోయిందని సర్దార్‌బీ ఆ రోజు ఏడ్చింది.