ఎడ్గర్ ఇవ్వని మొక్క

ఎడ్గర్ థర్ల్‌వెల్ పిసినారి అని నేనంటే మా కొండమొక్కల సంఘంలో ఎవరూ కాదనరు. హెక్సమ్ ఊరి దగ్గర రైల్వే సిగ్నల్ గదిలో ముప్ఫై ఏళ్ళు మీటలు లాగాడు. రైలుకీ రైలుకీ మధ్య కిటికీ గట్టు మీది కుండీలు చూసుకునేవాడు. ఇంటికెళ్తే టీ ఇస్తాడు, వానలో కారు ఆగిపోతే వచ్చి తోస్తాడు. నాటుకోవడానికి కొమ్మ మాత్రం అడగకూడదు. మొక్క బతకాలంటే పంచిపెట్టాలన్నది మా సంఘంలో పెద్దల మాట. ఎడ్గర్ ఆ మాట వినడు.

"అడుక్కున్నవాడు వారంలో చంపేస్తాడు. నేనివ్వను" అనేవాడు.

అతని ప్రాణమంతా ఒక్క డయొనీషియాలో ఉండేది. ఇరాన్ కొండచరియల పగుళ్ళలో పెరిగే జాతి. ఏడాదంతా నాచు ముద్దలా పడి ఉంటుంది. ఏప్రిల్లో మాత్రం ఆకన్నది కనపడకుండా పూస్తుంది. ఆకుల మీద నీటి చుక్క పడితే కుళ్ళిపోతుందని, కుండీని ఇసుకలో పాతి ఆ ఇసుకకే నీళ్ళు పోసేవాడు. మా అందరివీ పసుపు పూలు. విత్తనం నుంచి అతను మొలిపించినది ఒక్కటే లేత ఊదా. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. నోరా రిడ్లీకి మాట రాకపోవడమేమిటని ఇప్పటికీ నవ్వుతారు.

ఆ రంగే నన్ను దొంగను చేసింది. ఎనిమిదేళ్ళ క్రితం జూన్‌లో, ఎడ్గర్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు, బియ్యపు గింజంత కొమ్మ గిల్లి రుమాల్లో చుట్టుకున్నాను. మావాళ్ళు హత్యనైనా క్షమిస్తారేమో కానీ దీన్ని క్షమించరు. అది వేరు తొడిగింది, పెరిగింది. ఎవరికీ చూపించలేదు. సమావేశాల్లో ఎవరైనా కొమ్మల ఊసెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

ఈ ఫిబ్రవరిలో మూడు వారాలు పొగమంచు వదల్లేదు. ఒకరోజు ఎడ్గర్ ఫోన్ చేశాడు.

"పోయింది నోరా" అన్నాడు. ఆ తడికి ఊదా మొక్క కుళ్ళిపోయింది.

ఆ తర్వాత సమావేశాలకు రావడం మానేశాడు. ఆ రంగు ఇక భూమ్మీద లేదని అతను కుమిలిపోతున్నాడు. ఉందని నాకు తెలుసు. చెబితే నలభై ఏళ్ళ స్నేహం పోతుంది. చెప్పకుండా రెండు నెలలు గడిపాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్లో ఊరి తోటలో మా సంఘం మొక్కల ప్రదర్శన రోజు వచ్చింది. టీ అందించే మనుషుల్లేరని బతిమాలితే ఎడ్గర్ వచ్చాడు, ఉత్త చేతులతో. అతనికంటే ముందే వెళ్ళి గాజింట్లో బల్ల మీద నా కుండీ పెట్టాను. నిర్ణేతలు చూసేదాకా పేరు చీటీ బోర్లించి ఉంచడం మా పద్ధతి. ఆ గంటసేపు గాజింటి చుట్టూ తిరిగాను.

నిర్ణేతలు నా కుండీ పక్కన మొదటి బహుమతి ఎర్ర చీటీ ఆనించి, నా పేరు చీటీ తిరగేసి వెళ్ళిపోయారు. తలుపులు తీశారు. మామూలుగా జనం కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతారు. ఆ కుండీ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గిపోయాయి. జానెడు గుండ్రటి గుబురు మీద వందల పూలు, సందు లేకుండా. ఎవరో పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళు పెంచిన నాకే కొత్తగా కనిపించింది. ఇంత అందాన్ని ఎవరి కంటా పడకుండా ఎలా దాచానా అనిపించింది.

అప్పుడు ఎడ్గర్ కప్పుల పళ్ళెంతో వచ్చాడు. చూశాడు. పళ్ళెం అక్కడే నేల మీద పెట్టేశాడు.

"ఎన్నేళ్ళది?"

"ఎనిమిది. నువ్వు టీ పెడుతుంటే గిల్లాను ఎడ్గర్. దొంగతనం చేశాను."

కావాలనే గట్టిగా అన్నాను. మావాళ్ళంతా తిరిగి చూశారు. ఎడ్గర్ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు బల్ల ఎత్తుకు తెచ్చుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీళ్ళెక్కడ పోస్తున్నావ్?"

"ఇసుకకే."

"ఊఁ."

"కుండీ నీది. ఇంటికి తీసుకెళ్ళు."

"నోర్ముయ్. నా చేతిలో చచ్చిందిగా. నీ దగ్గరే ఉండనీ."

పక్కనున్న ఒకావిడ, పాపం, అతని సంగతి తెలియనిది, వంగి అడిగింది. "ఏమండీ, ఇందులో ఓ చిన్న కొమ్మ దొరుకుతుందా?"

మావాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఎడ్గర్ బల్ల పట్టుకుని లేచి ఆవిడను తేరిపార చూశాడు.

"జూన్‌లో నోరా ఇంటికి రండి. ఈవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే ఒకటి గిల్లి మీకిస్తాను" అన్నాడు.